పరగడుపు గోలి

మా అత్త కోరుట్ల పోయినప్పుడల్లా వాడకట్టు మొత్తానికి గ్యాస్ గోలీలు తెచ్చిపెట్టేది. కార్ఖానాలో బీడీ కట్టలు అప్పజెప్పి, ఆకూ తంబాకూ మూట కట్టించుకుని, బస్సెక్కే ముందు మందుల షాపు దగ్గర ఆగేది. షాపతను ఆమె ముఖం చూడగానే షీట్లు కత్తిరించి ఇచ్చేవాడు. వాటిని కొంగున కట్టుకొచ్చి, తమలపాకులు పంచినంత మామూలుగా ఇంటింటికీ ఇచ్చేది. మా ఊళ్లో బీడీలు చేసే ఏ ఆడదాని చాటలో చూసినా కత్తెర, దారపు ఉండ, వాటి పక్కన ఒక గోలీల షీటు ఉండేవి.

కడుపుమంట మా పనిలోనే ఉంది. తెల్లవారగానే ఒక చాయ్ తాగి చాట ఒళ్లో పెట్టుకుంటే పొద్దు నడినెత్తికి వచ్చేదాకా లేచేవాళ్లం కాదు. తడిపిన ఆకు ఆరిపోకముందే చుట్టాలి. తంబాకు ఘాటు గొంతులోంచి కడుపులోకి దిగి అక్కడ కుంపటి పెడుతుంది. లేచి ఇంత తింటే మంట తగ్గుతుందని అందరికీ తెలుసు, కానీ లేస్తే పని ఆగుతుంది. నేను కాపురానికి వచ్చిన కొత్తలో ఒక పొద్దున కడుపు పట్టుకుని మెలికలు తిరుగుతుంటే, మా అత్త తన చాటలోంచి ఒక గోలి తీసి తన చేత్తోనే నా నోట్లో వేసింది.

"మింగు పిల్లా. దినాం పరగడుపున ఒకటేసుకో. కడుపు సప్పుడు చెయ్యది," అంది.

నిజంగానే చప్పుడు చేయలేదు. ఆ రోజు నుంచి నేనూ రోజూ వేసుకున్నాను. ఆ ఇంట్లో నాకు దొరికిన మొదటి ప్రేమ ఆ గోలి. అందుకే అది నాకు బాగా గుర్తు.

మా పొలంలో బోరు ఎండిపోయిన ఏడాది మా ఆయన దుబాయ్ పోయాడు. మా దిక్కు మస్కట్ పోయినా సౌదీ పోయినా దుబాయే అంటాం. ఆయన పోయింది మస్కట్‌కు. రెండేళ్లకోసారి లీవు. శుక్రవారం ఆయనకు సెలవు కాబట్టి ఆ రోజు ఫోన్ వచ్చేది. సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే ఊళ్లకు వస్తున్న కాలం. ఇంటికి ఒకటే ఫోను, అది మా అత్త దగ్గర ఉండేది. ముందు తను మాట్లాడి, తర్వాత నాకిచ్చి, పక్కనే కూర్చునేది. అత్త పక్కన కూర్చుంటే మొగుడితో ఏం మాట్లాడతాం? తిన్నావా అంటే తిన్నాను, అంతే. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఫోన్ పెట్టేశాక ఆ కోపమంతా గిన్నెల మీద చూపించేదాన్ని.

నేను కాపురానికి వచ్చిన ఏడాదే మా వాడకట్టులో ఒక పంచాయితీ జరిగింది. మూడిళ్ల అవతల ఒకామె ఉండేది. ఆమె మొగుడు సౌదీలో ఉండేవాడు, పిల్లలు లేరు. మా తల్లిగారి ఊరు కోనరావుపేట. అక్కడ బీడీ మూతి మలిచే తీరు వేరు. ఈ కార్ఖానా వాళ్లు ఏరి పారేయకుండా ఎట్లా మలచాలో నన్ను పక్కన కూర్చోబెట్టుకుని నేర్పింది ఆమే. నా తప్పు బీడీలు విప్పి మళ్లీ తనే చుట్టేది, ఒక్క మాట అనకుండా.

అప్పట్లో మా వాడలో నెలసరి వచ్చిన ఆడవాళ్లు అరుగు మీద వేరుగా కూర్చునేవాళ్లు. చాప వేరు, చెంబు వేరు, కంచం వేరు. బీడీలు మాత్రం చేయొచ్చు, తంబాకుకు మైల లేదు. అట్లా ఎవరు ఏ నెల కూర్చున్నారో, ఎవరు కూర్చోలేదో వాడ మొత్తానికి తెలిసేది. ఆమె వరసగా కొన్ని నెలలు అరుగెక్కలేదు. తర్వాత ఒకరోజు జాకెట్టు తడిసింది. అవి పాలు.

మొగుడు దేశంలో లేని ఆడదానికి పాలు పడ్డాయంటే ఇక ఎవరికి ఏం చెప్పాలి? పంచాయితీలో మా అత్తను పిలిచి అడిగారు. మా అత్త అబద్ధం ఆడే మనిషి కాదు. "జాకెట్టు తడిసింది నేను నా కండ్లతోని చూసిన," అంది. చూసిందే చెప్పింది. కడుపు తెచ్చుకుని తీయించుకుందన్నది మిగతావాళ్లు కలిపారు. సౌదీ నుంచి మొగుడు ఫోన్‌లోనే తెగతెంపులు చేసుకున్నాడు. ఆమె ఒక సంచి పట్టుకుని గంభీరావుపేటలో తల్లిగారింటికి పోయింది. సాగనంపడానికి బస్సు దాకా ఎవరూ పోలేదు. కొత్త కోడలిని, నన్నూ పోనివ్వలేదు.

మా ఆయన ఒక లీవుకు వచ్చి పోయాడు. ఆ లీవులో ఏమీ కాలేదు. "ఉన్న రెండు నెలలకు పిల్లలయితరా, మల్లచ్చినప్పుడు చూద్దాం తియ్," అని మా అత్త పెద్ద మనసు చేసుకుంది. అప్పటికే నాకు నెలసరి అడ్డదిడ్డంగా వచ్చేది. మొగుడు దగ్గర లేకపోతే ఒళ్లు అట్లాగే లెక్క తప్పుతుందని వాడలో ఆడవాళ్లు తేల్చేశారు. దుబాయ్ వాళ్ల పెళ్లాలకు ఏం రోగం వచ్చినా మా ఊళ్లో ఆ ఒక్క కారణమే చెప్పేవాళ్లు.

ఆయన పోయి ఏడాది దాటాక నాకు నెలసరి పూర్తిగా ఆగిపోయింది. మొదటి నెల ఊరుకున్నాను. రెండో నెలకు గంభీరావుపేట పోయినామె గుర్తొచ్చింది. అప్పుడు నేను చేసిన పని తలచుకుంటే ఇప్పుడు నవ్వూ వస్తుంది, ఏడుపూ వస్తుంది. చాప, చెంబు తీసుకుని పోయి, రాని నెలసరికి అరుగు మీద కూర్చున్నాను. వచ్చేపోయేవాళ్లందరికీ కనబడేటట్టు కూర్చున్నాను. తర్వాత నెల కూడా అట్లాగే చేశాను.

ఆ తర్వాత ఒకరోజు స్నానం చేస్తుంటే రొమ్ము దగ్గర తెల్లగా ఒక చుక్క కనబడింది. తుడిచాను. మళ్లీ వచ్చింది. నేను ఏ తప్పూ చేయలేదని నాకు తెలుసు. అయినా నా ఒళ్లే నా మీద సాక్ష్యం చెబుతుంటే ఎవరికి చెప్పుకోవాలి? లోపల మడతలు పెట్టిన పాతగుడ్డ కట్టుకోవడం మొదలుపెట్టాను. ఎండాకాలంలో ఆ గుడ్డ తోలు పట్టీలా ఒరుసుకునేది.

ఒక పగలు వాడకట్టు ఆడవాళ్లమంతా వరసగా కూర్చుని బీడీలు చేస్తున్నాం. మా అత్త ఎదురుగా కూర్చుంది. ఉన్నట్టుండి లేచి, ఆకు తడిపే నీళ్ల గిన్నె తీసుకుని నా పక్కనుంచి పోతూ, గిన్నెడు నీళ్లూ నా ఛాతీ మీద పోసేసింది. చాటలో ఉన్న తంబాకంతా తడిసి ముద్దయింది.

"నా కండ్లు పాడుగాను, ఏం కనవడ్తలెవ్వు. పో పిల్లా, చీర మార్చుకో పో," అంది.

నేను కిందికి చూసుకున్నాను. నీళ్లు పడని చోట జాకెట్టు మీద రూపాయి బిళ్లంత మరక ఉంది. ఆమె నా వెనకే లోపలికి వచ్చి తలుపు వేసింది.

"ఎవ్వడు?" అని ఒక్కమాట అడిగింది.

"ఎవ్వడు లేడత్తా."

"నువ్వు అరుగు మీద కూసున్నవ్ గని, బట్టలు పిండి ఆరేసింది నేను చూడలే. గప్పటి సంది చూస్తనే ఉన్న. ఎవ్వడో చెప్పు."

"ఎవ్వడన్న ఉంటే గద చెప్పుటానికి. నీ ఇష్టమున్నట్టు అనుకో. నీ కొడుకుకు చెప్పుకుంటవో, పంచాయితీల చెప్పుకుంటవో చెప్పుకో," అన్నాను.

నా నోరు అట్లాంటిది. ఆమె కొట్టలేదు, తిట్టలేదు. నా తడి చీర తనే పిండి దండెం మీద వేసింది. "రేపు కోరుట్ల పోదాం," అంది.

కోరుట్లలో ముందు మూత్రం పరీక్ష చేశారు. గర్భం లేదన్నారు. నేను మా అత్త వైపు చూశాను. ఆమె ముఖంలో ఏమీ మారలేదు. ఇప్పుడు లేదంటే ఇంతకుముందు లేదని కాదు కదా. గంభీరావుపేట పోయినామె విషయంలో పంచాయితీ వాళ్లు అన్నదీ అదే మాట. అక్కడి డాక్టరు, ఇది హార్మోన్ల తేడా కావచ్చు, జగిత్యాలలో ఆడవాళ్ల డాక్టరుకు చూపించి రక్తపరీక్షలు చేయించుకోండి అన్నాడు. హార్మోన్ అంటే ఏంటో మాకిద్దరికీ తెలియదు. ఆ ముక్క అనగానే మా అత్త, "గదేందో చూపిద్దాం," అంది. అనుమానం ఉన్న మనిషికి జగిత్యాల దాకా ఓపిక ఎందుకని అప్పుడు అనిపించింది. ఆ శుక్రవారం కొడుకు ఫోన్ చేస్తే, అంతా మంచిగనే ఉన్నం అని మాత్రమే చెప్పింది. ఆమె ఎప్పుడు నోరు తెరుస్తుందోనని నేను పక్కనే కనిపెట్టుకుని కూర్చున్నాను. ఫోన్ నా చేతికొస్తే తిన్నావా అని అడిగి పెట్టేశాను.

జగిత్యాల డాక్టరమ్మ పెద్దామె, మాటలు తక్కువ. మొగుడు ఎక్కడున్నాడు, ఎప్పుడొచ్చాడు, ఎప్పుడైనా గర్భం పోయిందా అని అడిగింది. ఆమె అడగాల్సినవే అడిగింది. నాకు మాత్రం ఒక్కో ప్రశ్నకు చెంప మీద కొట్టినట్టయింది.

"మందులేమైనా వాడుతున్నావా అమ్మా?"

నాకంటే ముందు మా అత్త అందుకుంది. "ఏం మందులు లెవ్వు మేడం. పుల్ల లెక్క ఉంటది గని రోగమైతే ఏం లేదు."

నేనూ తలూపాను. డాక్టరమ్మ స్కానింగ్ చేసి, గర్భసంచిలో ఏమీ లేదు, అండం పెరుగుతున్న గుర్తు కూడా లేదు అంది. ప్రతి నెలా ఆడదాని ఒంట్లో ఒక అండం పెరిగి విడుదల కావాలని, అది జరగకపోతే నెలసరి రాదని, ఎందుకు జరగడంలేదో రక్తం చూస్తే తెలుస్తుందని చెప్పింది. మర్నాడు పొద్దున పరగడుపున రమ్మంది.

పరగడుపున రమ్మంటే మేం చాయ్ కూడా తాగలేదు. తొలి బస్సులో కూర్చున్నాక ఇద్దరికీ కడుపు మండింది. మా అత్త కొంగు ముడి విప్పి తానొకటి వేసుకుని, నాకొకటి ఇచ్చింది. అలవాటైన చెయ్యి కదా.

రక్తం తీసి హైదరాబాద్ పంపారు. రిపోర్టు వచ్చాక డాక్టరమ్మ ముందు కూర్చున్నాం. థైరాయిడ్ బాగుంది, మిగతావీ పెద్దగా తేడాగా లేవు, ఒక్కటి మాత్రం ఉండాల్సిన దానికన్నా చాలా పైన ఉంది అంది. దాని పేరు ప్రొలాక్టిన్. బాలింతకు పాలు పడేటట్టు చేసేది అదేనట.

"పాలిచ్చే తల్లికి కొన్నాళ్లు నెలసరి రాదు, చూశావా? నీకూ అట్లాగే ఆగిపోయింది. నువ్వు బాలింతవని నీ ఒళ్లు అనుకుంటోంది. అండం విడుదల కాకుండా ఆపేసింది, పాలు తెచ్చింది. గర్భంతో దీనికి పనిలేదు."

"గర్భం లేకుండ పాలు అస్తయా మేడం?" అని మా అత్త అడిగింది.

"వస్తాయమ్మా. మెదడు కింద చిన్న గ్రంథి ఉంటుంది, దాంట్లో గడ్డ ఉంటే వస్తాయి. కొన్ని మందుల వల్ల కూడా వస్తాయి. మీ కోడలు ఏ మందూ వాడటంలేదన్నారు. భయపడినా ఇది కొంచెం పెరుగుతుంది కాబట్టి ఇంకోసారి రక్తం చూసి, అప్పుడూ ఇట్లాగే ఉంటే కరీంనగర్‌లో తల స్కానింగ్ చేయిద్దాం."

తలలో గడ్డ ఉండొచ్చంటే నాకు సంతోషమైంది. ఇది చదివేవాళ్లకు వింతగా ఉండొచ్చు. గడ్డ మర్యాదైన రోగం. గడ్డతో చస్తే నలుగురూ అయ్యో అంటారు. బయటికొచ్చాక మా అత్త బస్టాండులో నిలబడి, కొండగట్టు దిక్కు తిరిగి చేతులెత్తింది. "అంజన్నా, గడ్డే ఉండేటట్టు చూడు. కొబ్బరికాయ కొడ్త," అని పైకే మొక్కింది. అప్పటికీ ఆమె మనసులో సగం అనుమానం ఉందని ఆ మొక్కుతోనే తెలిసింది. మిగతా సగం నా దిక్కు ఉందని కూడా తెలిసింది.

రెండోసారి రక్తం ఇవ్వడానికి పోయినప్పుడు, బస్సు దిగిన ఆదుర్దాతో రక్తం ఇవ్వొద్దు, కాసేపు నెమ్మదిగా కూర్చో అని లోపలి గది పక్కన బల్ల మీద కూర్చోబెట్టారు. ఆ పొద్దున బస్సులో కిటకిటలాడే జనం, గోలి వేసుకునే వీలు దొరకలేదు. కూర్చున్న కొద్దీ కడుపు రగులుతోంది. అత్త దగ్గర షీటు తీసుకుని, గోలి చేతిలో పెట్టుకుని, అటుగా వస్తున్న డాక్టరమ్మనే కొంచెం నీళ్లు ఇప్పించమని అడిగాను.

"చేతిలో ఏంటది?"

"గ్యాస్ గోలి మేడం."

"మందులేవీ వాడటంలేదని తలూపావు కదా."

"గిది మందా మేడం?" అన్నాను. వెటకారం కాదు, నిజంగానే అడిగాను. మాకు మందంటే జ్వరమొస్తే వేసుకునేది, డాక్టరు రాసిచ్చేది. గోలి మాకు బీడీల సామానులో ఒకటి.

డాక్టరమ్మ షీటు లాక్కుని, కళ్లద్దాలు పైకెత్తి వెనక రాసింది చదివింది. ఆమె ముఖం ఎర్రబడింది. ఎన్నేళ్ల నుంచి అని అడిగింది.

"పెండ్లైన కాడి నుంచి. దినాం పొద్దుగాల."

"ఎవరిచ్చారు?"

మా అత్త ముందుకొచ్చి, "నేనే ఇచ్చిన," అంది.

ఒక్క గోలిలో రెండు మందులున్నాయని డాక్టరమ్మ చెప్పింది. ఒకటి మంట తగ్గించేది, రెండోది తిన్నది కిందికి తోసేది. ఆ రెండోదే కొందరిలో ప్రొలాక్టిన్‌ను పెంచేస్తుందట. అందరికీ కాదు, కొందరికే. ముట్లుడిగిన మా అత్తలాంటి వాళ్లకు తేడా తెలియకపోవచ్చు. ఆ రోజు నా రక్తం తీయలేదు. గోలి మానేసి, కొన్ని వారాలాగి రమ్మంది. అప్పుడూ తగ్గకపోతే తల చూద్దాం అంది. పొద్దున ఏదో ఒకటి తినకుండా బీడీలు ముట్టొద్దని మా అత్తకే గట్టిగా చెప్పింది.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో మా అత్త షీటును అటూ ఇటూ తిప్పి చూస్తూ కూర్చుంది. ఆమెకు చదువు రాదు. చాలాసేపటికి, "గీ గోలితోని పాలు సుత అస్తయన్నట్టు," అంది. నన్ను అడిగినట్టు లేదు. నేను అవునన్నాను. నన్ను అనుమానించినందుకు ఏదైనా అంటుందేమోనని ఊరొచ్చేదాకా ఎదురుచూశాను. అనలేదు. నాకు ఒళ్లు మండింది.

మర్నాడు పొద్దున నేను చాట తీసుకోబోతే పొయ్యి మీంచి రొట్టె వాసన వచ్చింది. మా ఇంట్లో ఆ వేళకు పొయ్యి వెలిగించడం నేనెన్నడూ చూడలేదు. జొన్నరొట్టె, ఎల్లిపాయ కారం కంచంలో పెట్టి నా ముందుకు తోసింది. "తిను. తిన్నంకనే చాట ముట్టు," అంది. తనూ నా ఎదురుగా కూర్చుని తింది. నా మంట అక్కడికి చల్లారింది.

గోలి మానేశాక పాలు ఆగాయి. రక్తం మళ్లీ చూపిస్తే ఆ లెక్క కిందికి దిగింది, తల స్కానింగ్ అక్కర్లేదన్నారు. తర్వాత కొన్నాళ్లకు నిజంగా నెలసరి వచ్చింది. ఆ రోజు అరుగు మీద చాప వేసుకుని కూర్చుని, ఎవరూ చూడకుండా కరువుతీరా ఏడ్చాను. ఆ శుక్రవారం మా అత్త కొడుకుతో, "నీ పెండ్లానికి గ్యాస్ గోలీలు పడలే. నేనిచ్చుడే తప్పయింది. ఇప్పుడు మంచిగున్నది," అని చెప్పి, ఫోన్ నా చేతికిచ్చి బయటికి పోయింది. పక్కన కూర్చోలేదు. అదే మొదటిసారి. ఆయనతో ఏం మాట్లాడానో గుర్తులేదు, చాలాసేపు మాట్లాడాను. తర్వాతి లీవు అయ్యాక నాకు బిడ్డ పుట్టింది.

బిడ్డ పుట్టకముందే, ఆ ఎండాకాలం పోకముందే, నేను కోనరావుపేటలో తల్లిగారింటికి బయల్దేరాను. మా అత్త తానూ సిరిసిల్ల దాకా వస్తానంది. సిరిసిల్లలో ఆమెకు చుట్టాలెవరూ లేరు. బస్టాండులో దిగాక నన్ను బెంచీ మీద కూర్చోబెట్టి, "నువ్వు గిక్కడనే ఉండు. నేను గంభీరావుపేట పోయస్త," అంది.

గంభీరావుపేట అనగానే ఎవరి కోసమో నాకు అర్థమైంది.

"గామెకు సుత నేనే తెచ్చిచ్చేదాన్ని గోలీలు," అంది. "నువ్వు ఎన్ని దినాలు మింగినవో, గామె అంతకన్న ఎక్కువ దినాలు మింగింది. కోరుట్ల పోయినప్పుడల్ల రెండు షీట్లు. పంచాయితీల నేను జాకెట్టు ముచ్చట చెప్పిన గని, గోలి ముచ్చట నాకేం ఎరుక."

నేనూ వస్తానంటే వద్దంది. ఆ దారిన పోయే కామారెడ్డి బస్సెక్కి పోయింది. నేను ఆ బెంచీ మీద కూర్చుని, బీడీ మూతి మలచడం నేర్పిన ఆ చేతుల గురించి ఆలోచిస్తూ ఉన్నాను. ఆమెకూ గోలి వల్లే అయిందని నేను ఒట్టేసి చెప్పలేను. గడ్డే ఉండిందో, మరేదైనానో. ఆమె చేతికి ఎవరూ సూది గుచ్చలేదు, ఏ రిపోర్టూ లేదు. అందరూ జాకెట్టునే చూశారు.

మా అత్త మాపటికి తిరిగొచ్చింది. చెప్పుల నిండా దుమ్ము. నా పక్కన కూర్చుని కొంగుతో ముఖం తుడుచుకుంది.

"ఉన్నదా?" అని అడిగాను.

"ఉన్నది. తల్లి సచ్చిపోయిందట. ఒక్కతే ఉంటాంది. కాళ్లకు నీళ్లిచ్చింది. చాయ్ పోసింది."

"చెప్పినవా?"

"అంత చెప్పిన. నీ ముచ్చట, గోలి ముచ్చట, డాక్టరమ్మ అన్నది, అంత."

"ఏమన్నది?"

మా అత్త ఎదురుగా ఉన్న బస్సుల దిక్కు చూస్తూ చెప్పింది.

"తిట్టలే బిడ్డా. 'గప్పుడు నన్ను సుత ఒక్కసారి డాక్టర్ కాడికి తీస్కపోతే అయిపోతుండె గదా చిన్నమ్మా' అన్నది."